బోరులో రాయి చప్పుడు

ఏప్రిల్ 6

సెలవు మీద వచ్చాను. అంతే. ఆఫీసులో నన్ను ఎవరూ పొమ్మనలేదు. "కొన్నాళ్లు ఊరికి వెళ్లి రా చంద్రికా, రిపోర్టు తర్వాత రాద్దువుగాని" అని మా మేనేజరు ఉదయ్ కుమార్ గారు అన్నారు. ఆ పూటే బస్సెక్కాను. మేనేజరు మాట వినడం కూడా తప్పేనా?

కళ్యాణదుర్గంలో దిగేసరికి నల్లప్ప బావ బండి తెచ్చుకుని నిలబడి ఉన్నాడు. ఎప్పుడూ పెట్రోలు బంకు దగ్గర మొదలుపెట్టి ఇల్లు చేరేదాకా ఊరి కబుర్లన్నీ చెప్పే మనిషి, ఈసారి తోట కనిపించేదాకా నోరు విప్పలేదు. అప్పుడు ఒక్క ముక్క అన్నాడు. "మీ యక్క నాతో మాట్లాడేది లేదమ్మా. నువ్వేమీ అనుకోవాకు."

లోపలికి అడుగు పెట్టగానే ఈశ్వరక్క నన్ను గట్టిగా పట్టుకుని, తల నిమిరి, "ఎండకు నల్లగైనావు" అంది. ఏసీ గదిలో కంప్యూటరు ముందు కూర్చుని నల్లబడడం నాకే చెల్లింది. తర్వాత నా భుజం మీదుగా గోడకు చెప్పినట్టు, "ఆ మనిషిని కాళ్లు కడుక్కోమని చెప్పు" అంది. ఆ మనిషి నా పక్కనే ఉన్నాడు. చెప్పాను. కడుక్కున్నాడు.

సంగతి ఇది. తోట బోరులో మోటరు కాలిపోయింది. బాగు చేయించడానికి పైకి లాగుతుంటే మధ్యలో ఇరుక్కుంది. మోటర్లు ఎత్తే లింగప్ప మనుషులు గట్టిగా లాగితే ముందు పైపు తెగింది, వెంటనే మోటరుకు కట్టిన తాడు తెగింది. కొత్త తాడు కొనమని అక్క అంతకుముందే అందట. ఉన్నది గట్టిదేలే అన్నాడట బావ. ఆ రోజు నుంచి అక్క బావతో మాట మానేసింది. ఇప్పుడు బోరులో మోటరు, గొంతులో మాట, రెండూ ఇరుక్కున్నాయి.

ఏప్రిల్ 7

పొద్దున్నే అక్క వెంట తోటలోకి వెళ్లాను. చీనీ చెట్లు, అదే బత్తాయి చెట్లు, నిమ్మకాయంత కాయలతో నిలబడి ఉన్నాయి. ఆకుల అంచులు లోపలికి ముడుచుకుంటున్నాయి. ట్యాంకరు నీళ్లు మొదళ్లు తడవడానికి సరిపోతున్నాయి గానీ చెట్టు కడుపు నిండడానికి కాదు. ఇంకో బోరు వేయిద్దామా అంటే, ఈ పొలంలో వేసిన మిగతా బోర్లన్నిటిలోనూ దుమ్మే లేచింది. నీళ్లు పడింది ఈ ఒక్కదాంట్లోనే.

"ఎన్నాళ్లు ఆగుతాయి అక్కా?"

"మే నెల సగందాకా ఓర్చుకుంటాయి. ఆ పైన నేను చెప్పలేను."

ఈ చెట్లు అక్క నాటినవి. నర్సరీ నుంచి మొక్కలు ఆటోలో తెస్తున్నప్పుడు కుదుపులకు వేళ్ల మట్టి రాలకుండా ఒడిలో పెట్టుకుని కూర్చుందని బావ ఇప్పటికీ చెప్పి నవ్వుతాడు. అమ్మ పోయాక నాకు జడ వేసిందీ, నన్ను ఇంజనీరింగు చదివించిందీ అక్కే. చీనీ చెట్లకూ నాకూ ఒకే చేతి నీళ్లు.

బోరు మూతి మీద కప్పిన గోనెపట్టా తీసి, కొంగు ముడిలోంచి అక్క ఒక తెల్లటి పలుగురాయి తీసింది. వాగు వంకలో ఏరిన రాయి, గోలీలా నున్నగా ఉంది. బోరులోకి వదిలి చెవి ఆనించింది. బోరు పడిన నాటి నుంచి ప్రతి ఉదయం ఇదే పని. రాయి నీళ్లలో పడడానికి ఎంతసేపు పడుతుందో విని, ఆ పూట మోటరు ఎంతసేపు ఆడించాలో చెప్పేది. బెంగళూరులో హాస్టలు రోజుల నుంచీ నాకూ ఇదొక వ్యసనం. మనసు బాగాలేనప్పుడు ఫోను చేసి, "ఒక రాయి వెయ్యక్కా" అనేదాన్ని. అక్క ఫోనును బోరు మూతి దగ్గర పెట్టేది. కాసేపటికి బుడుంగుమని వినిపించేది. "ఇనబడినాదా?" అనేది. ఊళ్లో నీళ్లున్నాయని తెలిస్తే నాకు నిద్ర పట్టేది.

మోటరు ఇరుక్కున్నాక అక్క రాయి వెయ్యలేదట. ఈ రోజు నా కోసం వేసింది. బుడుంగు లేదు. టక్కుమని ఆగింది.

"మోటరు మీద పడినట్టుండాది" అంది అక్క.

చిన్న రాళ్లే. పక్కనుంచి అడుక్కి జారిపోతాయిలే అనుకున్నాను.

ఏప్రిల్ 9

లింగప్ప వచ్చి మూడుకాళ్ల స్టాండు వేశాడు. ఇనుప పైపులు ఒకదానికొకటి బిగించి, చివర కొక్కెం పెట్టి దించాడు. వంపు దగ్గర ఆగిపోయింది. బోరు నిట్టనిలువుగా లేదు. వేసినప్పుడే తొలిచే బిట్టు ఏటవాలు బండకు తగిలి పక్కకు జరిగింది. మోటరు ఆ వంపు కిందే కూర్చుంది. నిటారు పైపు వంపులోకి వెళ్లగానే గోడకు గుద్దుకుంటోంది, కొక్కెం మోటరు మెడ దాకా పోవడం లేదు. కెమెరా కూడా దించి చూశారట, వంపులో బండ తప్ప ఏమీ కనపడలేదట.

"నువ్వు చేసేది ఇదే పని కదా?" అంది అక్క నాతో. "ఇట్ల వంకర బావుల్లోకి పోయే సామాను నువ్వే గీస్తావంటివి."

"అవి నూనె బావులక్కా. ఇది నీళ్ల బోరు. వేరే."

"నూనెకైతే వంగుతాది, నీళ్లకు వంగదా?"

వేరే అని మళ్లీ చెప్పాను. ఎలా వేరో అక్క అడగలేదు. అడిగి ఉంటే చెప్పలేకపోయేదాన్ని.

ఏప్రిల్ 10

ఉదయ్ కుమార్ గారి ఫోను. సిగ్నలు సరిగా లేక ఎత్తలేదు.

ఏప్రిల్ 12

సిగ్నలు బాగానే ఉంది. ఇదే ఇంట్లో కూర్చుని బావ పొద్దస్తమానం ఫోనులో కోడిపుంజుల వీడియోలు చూస్తున్నాడు.

రాసుకుంటే పోయేదేముంది. నూనె బావి కొన్ని మైళ్ల లోతున వంగి పక్కకు తిరుగుతుంది. అందులోకి పోవాల్సిన పనిముట్టు ఇంటి పొడవు ఇనుప కడ్డీ. వంగదు. దాన్ని ముక్కలు చేసి మధ్యలో కీళ్లు పెట్టి, వంపుల్లో వంగేలా చేయడం నా ఉద్యోగం. అక్క వాటికి మోకాళ్లని పేరు పెట్టింది. జనవరిలో ఎడారిలోని ఒక బావిలో నా మోకాలు వంగింది, మళ్లీ నిటారు కాలేదు. సందుల్లోకి ఇసుక పోయి బిగుసుకుంది. లాగితే తెగింది. అది ఇంకా ఆ బావి అడుగునే ఉంది. ఎవరూ ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

ఇక్కడ కూడా నా పనిముట్టు ఆ వంపులో ఇరుక్కుంటే? మోటరు మీద ఇంకో ఇనుము. ఆ తర్వాత వాటిని దేవుడు కూడా తియ్యలేడు. చీనీ తోటను నా చేత్తో ఎండబెట్టినట్టే. అందుకే కాదన్నాను. ఇదీ అసలు సంగతి.

రాత్రి భోజనాల దగ్గర, నాకు ధైర్యం చెబుతున్నాననుకుని బావ, "తాడు చాలలేదని బావి పూడ్చుకుంటామా చంద్రీ?" అన్నాడు. తాడు అనే మాట నోట్లోంచి జారాక గానీ ఎవరి ముందు అన్నాడో తెలిసిరాలేదు. అక్క సంగటి గిన్నెను నేల మీద పెట్టిన చప్పుడుకు దొడ్లో కుక్క మొరిగింది. బావ తల వంచుకుని మజ్జిగ లేకుండానే సంగటి మింగాడు. నాకు నవ్వాగలేదు. అక్కకూ పెదవి చివర కదిలింది గానీ బావ చూసేలోపు సర్దేసుకుంది.

తర్వాత పెన్సిలు పట్టుకున్నాను. ఊరికే గీసి చూద్దామని.

ఏప్రిల్ 15

కళ్యాణదుర్గంలో ముత్యాలప్ప లేతు షాపు. నా డ్రాయింగు తిప్పి తిప్పి చూసి, "ఇది మనిషి కాలా, బోరు సామానా మేడం?" అన్నాడు.

"రెండూ."

"అయితే చెప్పు తొడగల్లా." వాడి హాస్యానికి వాడే నవ్వుకున్నాడు. చేసిస్తానన్నాడు.

కిందికి పోయేటప్పుడు వంగాలి, పైకి లాగేటప్పుడు నిటారుగా బిగవాలి. పని మొత్తం ఆ ఒక్క వాక్యంలో ఉంది. అయితే ముందు మోటరు నెత్తిన ఏముందో తెలియాలి. మా పనిలో సీసపు ముద్ద దించి అచ్చు తీస్తారు. ఇక్కడ సీసానికి ఎక్కడికి పోను? బట్టల సబ్బు చాలు.

ఏప్రిల్ 17

సబ్బు బిళ్లలు కరిగించి డబ్బాలో పోసి గట్టిపడ్డాక, పైపు కొసకు నేను చేయించిన చిన్న కీలు పెట్టి దించాం. అంత చిన్నది కాబట్టి వంపు దాటింది. మోటరు మీద కూర్చోబెట్టి, పై నుంచి బరువు వేసి, పైకి తీశాం. లింగప్ప డబ్బా విప్పి నా చేతిలో పెట్టి, బీడీ ముట్టించుకోవడానికి అవతలికి పోయాడు.

మోటరు మెడ అచ్చు ఒక పక్క మాత్రమే పడింది. మిగతా అంతా గుంటలు. కోడిగుడ్ల అట్టలో ఉన్నట్టు నున్నటి, గుండ్రటి గుంటలు. బోరు గోడ నుంచి ఊడిన రాయికి పదునైన అంచులుంటాయి. ఇవి వంకలో దొర్లి దొర్లి నునుపుదేలిన రాళ్లు. వాటిలో నాకు తెలియని రాయి లేదు.

తల ఎత్తాను. బావ నా భుజం మీదుగా చూస్తున్నాడు. ఆయనకూ తెలిసిపోయింది. అవతలి గట్టు మీద అక్క మజ్జిగ చెంబుతో వస్తోంది.

బావ నా చేతిలోంచి ఆ సబ్బు తీసుకున్నాడు. పక్కనున్న బకెట్టులో ముంచి, రెండు చేతులా రుద్దుకోవడం మొదలుపెట్టాడు. మోచేతుల దాకా నురుగు పట్టించాడు. వేళ్ల సందులు, గోళ్లు, మణికట్లు. అక్క మా దగ్గరికి వచ్చేసరికి ఆ బిళ్ల మీద ఒక్క గుంట లేదు.

"అచ్చు పడినాదా?" అని అక్క నన్ను అడిగింది.

"గ్రీసు అంటుకున్నాది చేతులకు" అని బావ చెట్టుకు చెప్పాడు.

"పడలేదు" అన్నాను నేను.

ఏప్రిల్ 18

నిన్న నాకు ఒళ్లు మండిపోయింది. ఆ గుంటలు కొలవాల్సింది. ఎన్ని రాళ్లు, ఎంత మందం, ఏ పక్క బిగుసుకున్నాయి. అన్నీ బావ మోచేతుల మీద నురుగైపోయాయి. ఈ రోజు బావ మేకలకు ఆకు కొడుతుంటే పోయి నిలదీశాను.

"ఎందుకు కడుక్కున్నావు బావా?"

"మురికైనాయి."

"చూసినావా లేదా?"

కొడవలి ఆపాడు. "చూసినా. వంకలో శానా రాళ్లుంటాయిలేమ్మా."

"మోటరు ఇరుక్కున్నది వాటి వల్లే. తాడు ఎంత కొత్తదైనా తెగేదే. నువ్వు ఊరకే మాట పడుతున్నావు."

బావ కొట్టిన ఆకును మేకల ముందుకు తోశాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "ఆయమ్మ ఆ చెట్లకు నీళ్లు పోసిందా, పాలు పోసిందా చెప్పు. పొద్దున లేస్తానే మొగుని మొగం చూసేది కాదు, ఆ బోరు కాడికే పోయేది. ఆ రాయి వల్లనే తోట ఎండుతాందని తెలిస్తే మళ్లా తోటలో అడుగు పెడుతుందా? నాతో మాట్లాడకుంటే నాకేమీ కాదు. యాడికి పోతాది, ఈడనే ఉండాది కదా. తప్పు తాడుదే ఉండనీ."

నేను ఫోనులో అడిగి వేయించిన రాళ్లు కూడా అందులో ఉన్నాయని చెప్పాను. "తెల్సులే. నువ్వడిగినప్పుడు పెద్దది ఏరి వేసేది, నీకు బాగా ఇనబడల్లని" అన్నాడు.

బావంటే నాకు మొదటి నుంచీ ఇష్టమే. ఈ రోజు మేకల ముందు ఏడుపొచ్చింది. ఆకులోంచి నలకపడిందని చెప్పాను.

ఏప్రిల్ 22

ముందు రాళ్లు తీయాలి, తర్వాతే మోటరు. రాళ్ల కోసం పైపు మూతిలోపల స్ప్రింగు రేకులు పెట్టి బుట్టలా చేశాం. ఎలుకల బోను లెక్క, లోపలికి పోయింది బయటికి రాదు. దాని పైన నా మోకాలు.

అక్కకు మాత్రం అచ్చు సరిగా పడలేదని, మోటరు నెత్తిన బండ పెళ్లలు ఉండొచ్చని చెప్పాను. అబద్ధం ఆడటం సబ్బు కరిగించినంత తేలిక కాదు.

దించాం. వంపు దగ్గర వంగింది. వంగి అక్కడే పట్టేసింది.

లింగప్ప చేయి ఎత్తి అందరినీ ఆపాడు. చైను కిర్రుమంటోంది. ఎడారి బావి దగ్గర నేను లేను, ఆ చప్పుడు ఎలా ఉంటుందో ఈ రోజు విన్నాను. ఇంకా లాగొద్దన్నాను. రవంత దించి, తిప్పి, మళ్లీ లాగి, మళ్లీ దించి, మధ్యాహ్నం దాటాక గానీ ఊడి రాలేదు.

కీలు విప్పితే సందుల్లో బండపిండి గచ్చులా బిగిసి ఉంది. అదే తప్పు. చోటు మారింది గాని తప్పు మారలేదు.

ఏప్రిల్ 23

ఏమీ గీయలేదు. అక్క నా తలకు ఆముదం పెట్టింది. "మీ ఆఫీసులో ఏమన్నా అన్నారా పాపా?" అంది. ఏమీ అనలేదన్నాను. "అనకపోతే ఇంగేమి" అని జడ బిగించి వేసింది, చిన్నప్పటిలాగే కళ్లు పైకి లాగేసేంత గట్టిగా.

ఏప్రిల్ 24

తొడుగు కావాలి. కీలు సందులోకి పిండి పోకుండా పై నుంచి కింది దాకా తొడుగు. నూనె బావి వేడికి రబ్బరు మాడిపోతుంది కాబట్టి అక్కడ తొడుగన్న ఆలోచనే వదిలేశాం. ఈ బోరులో వేడెక్కడిది? ట్రాక్టరు ట్యూబు చాలు. అక్కడికైతే పలచటి ఉక్కు రేకును మడతలు మడతలుగా చేసి తొడగాలి, రబ్బరులాగే సాగుతుంది. జనవరి నుంచి తల బద్దలు కొట్టుకుంటున్నది ఇదే. ఊరి ట్యూబు చూస్తే గానీ తట్టలేదు.

ముత్యాలప్ప దగ్గరికి పోయాను. "చెప్పు తొడగల్లని నేను ముందే చెప్పలా?" అన్నాడు. వాడికి ఇక పట్టపగ్గాలు ఉండవు.

ఏప్రిల్ 26

అక్క కాయలు కోసేస్తోంది.

పచ్చివి. నిమ్మకాయంతవి. ఉన్న తడి కాయకు పోతే చెట్టు చస్తుందని, చెట్టు బతకాలంటే కాయ వదులుకోవాలని. పడమటి వైపు చెట్ల నుంచి మొదలుపెట్టింది. ఏడవడం లేదు. ఒక్కో కొమ్మా పట్టుకుని, కాయ తుంచి, బుట్టలో వేస్తోంది. నేనూ కోశాను. అవతలి చెట్ల చాలులో బావ కోస్తున్నాడు. ఇద్దరి మధ్య రెండు చాళ్ల దూరం. ఒకే పని. ఒక్క మాట లేదు.

బుట్టలు నిండాక అక్క నాతో అంది. "ఆ మనిషి చేతికి ముల్లు దిగినాది. పసుపు పెట్టుకోమని చెప్పు."

రెండు చాళ్ల అవతల ఆ మనిషి చేతిలో ముల్లు ఎలా కనపడిందో.

ఏప్రిల్ 29

కదిరి దగ్గర అక్క స్నేహితురాలు బయమ్మ మనవరాలి నామకరణం. ఇంత కష్టంలో పోనంది అక్క. పోవాల్సిందే అని బావ నా ద్వారా పట్టుబట్టాడు.

"నేను ఇంట్లో లేకుంటే ఆయప్పకు అంత సంబరమా, అడుగు."

"సంబరమేమీ లేదు, బిడ్డను చూసొస్తే మంచిదని చెప్పు."

"ఎప్పుడు లేని మంచి ఇప్పుడొచ్చినాదా, అడుగు."

నా మెడ అటూ ఇటూ తిరిగి పట్టేసింది. చివరికి అక్క పోయింది. బస్సు కనుమరుగు కాగానే లింగప్పకు ఫోను చేశాం.

ట్యూబు తొడిగిన మోకాలు వంపు దగ్గర ఒక్క క్షణం తటపటాయించి వంగింది, దాటింది. పైకి లాగితే నిటారుగా బిగుసుకుని బుట్టతో సహా వచ్చింది. పట్టా మీద బోర్లిస్తే తెల్లరాళ్లు గలగలా పడ్డాయి. మళ్లీ మళ్లీ దించాం. ఎండకు అవి మెరుస్తుంటే చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి, ఏం లాభం.

లింగప్ప ఒక రాయి తీసి అటూ ఇటూ తిప్పాడు. "మా ఇంట్లో ఆయమ్మ కూడా వేస్తాది" అన్నాడు. "బోరుండే ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు వేసి ఇనేవాళ్లే. రేపటి నుంచి మాన్పించల్ల." అంతకుమించి ఏమీ అనలేదు.

బావ రాళ్లన్నీ తువ్వాల్లో మూటగట్టి వంక వైపు నడిచాడు. చాలాసేపటికి తిరిగొచ్చాడు. అన్నీ ఒకేచోట పోస్తే అక్క గుర్తుపడుతుందని వంక పొడవునా చల్లి వచ్చాడట.

మే 3

మోటరు వచ్చింది.

వరసగా రాయాలి, లేకపోతే నేనే నమ్మను. కొక్కెం దించాం, వంపు దాటింది, మోటరు మెడ పట్టింది. పట్టినట్టు చైను బరువే చెప్పింది. అక్క పసుపునీళ్ల చెంబు పట్టుకుని స్టాండు పక్కన నిలబడింది. లాగడం మొదలుపెట్టాం. వంపు దగ్గర చైను ఒకసారి బిగిసింది. లింగప్ప నా వైపు చూశాడు. లాగమన్నాను. కీలు బిగుసుకుంది, నిటారుగా నిలిచింది, మోటరు కదిలింది. పైపులు ఒక్కొక్కటే విప్పుతూ విప్పుతూ చివరికి మట్టికొట్టుకున్న మోటరు పగటి వెలుగులోకి వచ్చింది. లింగప్ప మనుషులు ఈల వేశారు. అక్క దాని మీద పసుపునీళ్లు చల్లింది, పురిటి నుంచి వచ్చిన బిడ్డ మీద చల్లినట్టు.

అప్పుడు చూశాం. మోటరు ఒంటికీ, కేబులు కాపాడే రేకుకీ మధ్య ఒక తెల్లరాయి. బుట్టకు అందకుండా ఉండిపోయింది.

బావ ముందుకు వచ్చాడు గానీ అక్క చెయ్యి ముందు పోయింది. వేలితో పెకలించింది. అరచేతిలో పెట్టుకుని, బొటనవేలితో మట్టి తుడిచింది. రాయి చుట్టూ రేకు అరిగిపోయిన గీత ఉంది. అక్క ఆ గీత చూసింది. బోరు చూసింది. బండ దగ్గర పడున్న తెగిన తాడు చూసింది. చివరికి బావను చూసింది.

బావ ఆకాశంలోకి చూస్తున్నాడు. అక్కడ మబ్బు కూడా లేదు.

"నన్ను కదిరికి పంపించింది దీనికేనా?" అంది అక్క. నన్నే అడిగింది.

ఈ ఇంట్లో నాకు మాట మొయ్యడమే పని, ఈ ఒక్క మాట మొయ్యలేకపోయాను.

అక్క రాయిని కొంగున ముడేసుకుని ఇంట్లోకి వెళ్లింది. తలుపు వేసుకుంది. బావ గుమ్మం దాకా పోయి, చెప్పులు విడిచి, మళ్లీ తొడుక్కుని, అరుగు మీద కూర్చున్నాడు. "చెప్పితి కదా చంద్రీ, ఆయమ్మకు తెలియకూడదని" అన్నాడు. మోటరు వచ్చిన సంతోషం ఆయన మొహంలో ఇసుమంతైనా లేదు. నాకు భయం వేసింది. నీళ్లొచ్చి అక్క తోటకు రాకపోతే ఏం లాభం?

పొద్దు వాలేవేళ తలుపు తెరుచుకుంది. అక్క రెండు కంచాలు తెచ్చింది. ఒకటి నా ముందు పెట్టింది. రెండోది బావ ముందు తనే వంగి పెట్టింది. ఎర్రగా ఉన్నాయి కళ్లు. సంగటి మీద పప్పు పోసి, నెయ్యి వేసి, ఆయన మొహంలోకి చూసి అంది.

"తాడు మంచిదేలే."

బావ సంగటి తుంచి పప్పులో అద్దాడు. "ఇంగా మంచిది తెచ్చింటే బాగుండు" అన్నాడు.

"గమ్మున తిను."

నేను కంచం పట్టుకుని మేకల్ని చూసే పని ఉందని లేచి వచ్చేశాను. పని లేదు. మేకలు కూడా నన్ను వింతగా చూశాయి.

మే 5

కొత్త మోటరు దించారు. మొదట ఎర్రనీళ్లు, తర్వాత తేటనీళ్లు. అక్క తెల్లవారకముందే లేచి, మొట్టమొదట తోటలోకే పోయింది. బావ నా వైపు చూసి కనుబొమలెగరేశాడు.

మే 9

పడమటి చాలు దక్కలేదు. కాయలు కోసినా దక్కలేదు. మిగతా చెట్లకు చిగురు కనిపిస్తోంది. ఈ ఏటికి కాపు లేదు, చెట్లున్నాయి. పోయిన చాలులో మళ్లీ మొక్కలు పెడదామని ఇద్దరూ పోట్లాడుకుంటున్నారు, ఎక్కడి నర్సరీ నుంచి తేవాలని. నేరుగా, ఒకరి మొహం ఒకరు చూసుకుని పోట్లాడుకుంటున్నారు. మాట మోసే పని నాకు పోయింది. ఇంత హాయైన నిరుద్యోగం ఎవరికీ దొరకదు.

ఉదయ్ కుమార్ గారికి నేనే ఫోను చేశాను. తొడుగు సంగతి చెప్పాను. మడతల రేకు గురించి చెప్పేసరికి ఆయన "ఆగు, కాగితం తీసుకుంటా" అన్నారు. ఎప్పుడొస్తావని అడిగారు. సోమవారం అన్నాను.

సెలవు మీద రాలేదు. పారిపోయి వచ్చాను. పోతున్నప్పుడు రాసుకుంటే నష్టం లేదు.

జూన్ 14, బెంగళూరు

మడతల తొడుగు మొదటి నమూనా ఈ రోజు పరీక్షలో చీలింది. ఇంకోటి చేయాలి. ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు కూడా విడవకుండా మంచం మీద పడ్డాను. అక్క ఫోను చేసింది.

"యాల అట్లుండాది గొంతు?"

"ఏమీ లేదక్కా."

"ఉండు. ఇను."

రాయి వేస్తుందేమోనని లేచి కూర్చున్నాను. "వద్దక్కా" అన్నాను.

"రాయి కాదులే. మీ బావ కొత్త సామాను కనిపెట్టినాడు, నీకంటే పెద్ద ఇంజనీరు." స్టీలు గ్లాసుకు తాడు కట్టి, బోర్లించి బోరులోకి దింపుతారట. నీళ్లకు తగలగానే చప్పుడవుతుంది, మళ్లీ పైకి లాగేస్తారు. లోపల ఏమీ మిగలదు.

"ఏం తాడు అది?" అన్నాను.

వెనక నుంచి బావ గొంతు వినిపించింది. "ఆ తాడేమ్మా. పురులు విప్పి, సన్నగా పేని, ముడేసినా. గ్లాసుకు చాల్తాది."

"దించప్పా, పాప ఇంటాంది" అని అక్క కసిరింది.

తాడు బోరు అంచుకు రాసుకుంటున్న చప్పుడు. ఇద్దరూ మాట్లాడడం ఆపేశారు. ఎక్కడో తోటలో పిట్ట అరిచింది. చాలాసేపు తాడు దిగుతూనే ఉంది. అప్పుడు, చాలా కింద నుంచి, బుడుంగ్.

"ఇనబడినాదా?" అంది అక్క.

వినబడింది. వినబడలేదని చెప్పాను. ఇద్దరూ మళ్లీ దించారు.